మైకు మేడం, మొదటి బస్సు

మైకు మేడం గొంతు పోయి చాలాకాలమే అయింది, పేరు మాత్రం పోలేదు.

కాలేజీలో చేరిన కొత్తలో ఒకరోజు పెద్ద హాల్లో మైకు పాడైతే, అది లేకుండానే చివరి బెంచీ దాకా వినపడేట్టు క్లాసు చెప్పేసింది. ఆరోజు పిల్లలు పెట్టిన పేరది. ఆ పిల్లలకి ఇప్పుడు జుట్టు నెరిసింది, మేడం గొంతులో చిన్న చిన్న కాయల్లాంటివి లేచాయి. డాక్టర్ టార్చి వేసి చూసి, "మీరు మాట్లాడటం తగ్గించాలండీ" అన్నాడు. "నా ఉద్యోగమే అది కదండీ" అంటే, "అయితే ఇంట్లో తగ్గించండి" అన్నాడు. ఇంట్లో మాట్లాడేది చెల్లెలొక్కతే కాబట్టి ఆ సలహా పెద్దగా పనికి రాలేదు.

ఆవిడ చెప్పే సబ్జెక్టు పేరు రెటరిక్. మాటతో మనిషిని ఎలా ఒప్పిస్తాం, ఎక్కడ ఎంత మొత్తుకున్నా ఒప్పించలేం అనే చదువు. పోటీల్లో కప్పులు గెలవడానికి పనికొచ్చే విద్య అనుకుంటారు చాలామంది. కానీ మేడం పీహెచ్‌డీ చేసింది కప్పుల మీద కాదు. కొన్నేళ్ల పాటు ప్రజాభిప్రాయ సభలకి వెళ్లి, వెనక వరసలో కూర్చుని, మురుగు కాలవ గురించీ చెత్త కుప్ప గురించీ మామూలు జనం ఆఫీసర్ల ముందు ఎలా వాదిస్తారో విని రాసుకుంది. తోటి లెక్చరర్లు "కాలవల డాక్టరమ్మ" అని ఆటపట్టించేవాళ్లు. ఆవిడకది తిట్టులా అనిపించేది కాదు, బిరుదులా అనిపించేది.

ఆ చదువు ఆవిడ్ని కాలేజీ గేటు లోపల కూర్చోనివ్వలేదు. స్కూలు ముందు స్పీడ్ బ్రేకర్ కావాలన్నా, పార్కు గోడ కూలగొడుతున్నా, వీధి లైటు వెలగకపోయినా, మీటింగ్ అనేసరికి జనం ఆవిడ తలుపు తట్టేవాళ్లు. ఏం మాట్లాడాలి, ఎవరు ముందు మాట్లాడాలి, ఎక్కడ ఆపాలి అన్నీ ఆవిడే చెప్పి పంపేది. కొన్ని గెలిచారు, చాలా ఓడారు. గెలిచినవాళ్లు తర్వాత కనపడేవాళ్లు కాదు. ఓడినవాళ్లు మాత్రం ఎక్కడ ఎదురుపడినా "ఆరోజు మీరు అలా అనమన్నారు కదా మేడం" అని గుర్తుచేసి మరీ వెళ్లేవాళ్లు. ఇన్నేళ్లలో ఆవిడకి మిగిలింది ఈ గొంతూ, మెట్లెక్కితే పట్టేసే మోకాళ్లూ.

ఇక చెల్లెలు. పేరేదైనా ఇంట్లో బుజ్జి. యాభై దగ్గర పడుతున్నా బుజ్జే. భర్త పోయాక అక్క దగ్గరికొచ్చేసింది. మూడో అంతస్తులో రెండు గదుల ఫ్లాటు, ఒక గదిలో అక్క పుస్తకాలు, ఇంకో గదిలో వాళ్లిద్దరూ. బుజ్జి పెద్దాసుపత్రి లాండ్రీలో చేస్తుంది. దుప్పట్లు మెషిన్లోంచి తీసి, తడి బరువు మొయ్యడం, మడతపెట్టడం. పొద్దు పొడవకముందే వెళ్లాలి. కుడి భుజం రాత్రిపూట నొప్పి పుడుతుంది, ఏ పక్కకి తిరిగి పడుకోవాలో తెలియక తెల్లారగట్ల ఎప్పుడో నిద్రపడుతుంది, పట్టీ పట్టకముందే అలారం మోగుతుంది.

ఒక మధ్యాహ్నం డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు విప్పుతూ అంది.

"మొదటి బస్సు తీసేస్తారంట."

"ఎవరన్నారే?" అంది మేడం. అన్నదేమిటి, గుసగుసలాడింది. ఆవిడ మాట ఇప్పుడు గరుకు కాగితం గోడకి రుద్దినట్టు ఉంటుంది.

"కండక్టరే చెప్పాడు. స్టాపు దగ్గర నోటీసు కూడా అంటించారు. ఖాళీగా తిరుగుతోందంట."

"ఖాళీగానా?"

"నేనొక్కదాన్ని కూర్చుంటేనే సగం నిండుతుంది, ఇంక ఖాళీ ఏంటి." బుజ్జి కాస్త బొద్దు. ఆ జోకు తనే వేసుకుంటుంది, ఇంకొకళ్లు వేస్తే వారం మాట్లాడదు.

అక్క నవ్వింది కానీ, బుజ్జి నవ్వలేదు. రెండో బస్సుకి వెళ్తే డ్యూటీకి లేటవుతుంది. ఆ వేళకి ఇంకే బండీ దొరకదు. ఇప్పటికే భుజం నొప్పి వల్ల ఆలస్యమై మాటలు పడింది. ఇంకోసారి లేటైతే రానక్కర్లేదని సూపర్‌వైజర్ అందరి ముందూ చెప్పేశాడు. ఈ వయసులో, ఈ భుజంతో, ఇంకో పని ఎవరిస్తారు?

"సభ పెడతారంట, అభిప్రాయాలు చెప్పుకోమని. నువ్వు మాట్లాడొచ్చు కదక్కా."

మేడం మెడ మీద చెయ్యి పెట్టి చూపించింది.

"ఊరందరికీ మాట నేర్పావు. ఇంట్లోదాని దగ్గరికొచ్చేసరికి గొంతు పోయింది" అంది బుజ్జి. నిష్ఠూరంగా కాదు, అలసటగా. అని, గోడకి తిరిగి పడుకుంది, కుడి భుజం పైకి వచ్చేట్టు.

ఆ మాట మేడంకి గుచ్చుకుంది. సాయంత్రానికల్లా కింద ఫ్లాటు టైలర్‌ని పిలిపించింది.

టైలర్ గారంటే ఆ వీధికి పెద్ద దిక్కు లాంటివాడు. ఆయన భార్యకి కిడ్నీలు పాడయ్యాయి, డయాలసిస్ కోసం ఆవిడ్ని అదే మొదటి బస్సులో ఆసుపత్రికి తీసుకెళ్తాడు. ఆయన వెంట కూరగాయల పిన్ని వచ్చింది, తెల్లవారక ముందే పెద్ద మార్కెట్‌కి వెళ్లి బుట్టలు నింపుకొచ్చే మనిషి. వెనకే బేకరీ బాబాయి వచ్చాడు. రాత్రంతా పొయ్యి దగ్గర రొట్టెలు కాల్చి, అదే బస్సు తిరిగి వచ్చేటప్పుడు ఎక్కి ఇంటికొస్తాడు. ఒంటి మీద పిండి దుమ్ము ఎప్పుడూ ఉంటుంది, ఎవరి కుర్చీలో కూర్చుంటే వాళ్ల కుర్చీ తెల్లబడుతుంది.

వచ్చినవాళ్లు వచ్చినట్టు కొట్టుకోవడం మొదలుపెట్టారు.

"బస్సు ఉంచితే చాలదు మేడంగారూ, స్టాపు మన గేటు ముందుకి రావాలి. మా ఆవిడ ఆ మూల దాకా నడవలేకపోతోంది" అన్నాడు టైలర్.

"నీ గేటు ముందు నా బుట్టలు ఎవరు మోస్తారయ్యా? స్టాపు మూలనే ఉండాలి. అసలు ఆ బస్సు ఇంకొంచెం ముందు రావాలి. మంచి సరుకంతా అయిపోయాక పోతున్నా నేను" అంది పిన్ని.

"ముందొస్తే నా పని అవదు. పొయ్యి మీద రొట్టెలు వదిలేసి రానా? మీకు వెళ్లేదే బస్సు, వచ్చేది బస్సు కాదా?" అన్నాడు బాబాయి.

"నువ్వు నడిచి రా, పొట్ట తగ్గుతుంది."

"నీ నోరు తగ్గేదేదైనా ఉంటే అది ముందు చెప్పు పిన్నీ."

ఈ గొడవ కొత్తది కాదు. బస్టాపులో ఏళ్ల తరబడి రోజూ జరుగుతున్నదే, బస్సు రావడంతో ఆగి మర్నాడు అక్కడి నుంచే మొదలయ్యేది. మేడం కాసేపు విన్నది. తలనొప్పి వచ్చేసింది. పొద్దున్నుంచీ మూడు క్లాసులు, బ్యాగులో వేసుకున్న గొంతు మాత్రలు అయిపోయాయి. అందర్నీ సమాధానపరిచేంత గొంతు లేదు, ఓపిక అసలే లేదు. టేబుల్ మీద గరిటెతో కొట్టింది.

"ఈ గొడవలన్నీ ఇక్కడే వదిలేసి రండి" అంది ఆ గరుకు గొంతుతో. "అక్కడ అందరిదీ ఒకటే మాట. మొదటి బస్సు తియ్యొద్దు. అంతే."

ఇక నేర్పడం మొదలుపెట్టింది. ముందు మీరెవరో చెప్పండి. తర్వాత బస్సు లేకపోతే ఏమవుతుందో ఒక సంఘటన. చివర్లో ఆఫీసర్ కళ్లలోకి చూసి, "మొదటి బస్సు కొనసాగించాలని కోరుతున్నాం." అందరూ అదే వాక్యం, అదే చోట ఆపడం. మాట్లాడేవాళ్ల జట్టు ఒక్క గొంతులా వినపడితే వినేవాళ్లకి బలంగా తోస్తుంది. పోటీలకి పిల్లల్ని ఇలాగే తయారుచేస్తుంది, కప్పులూ వస్తాయి.

సభ రోజు దాకా సాయంత్రాలన్నీ ఆ గదిలో రిహార్సళ్లే. టైలర్ బాగా పట్టేశాడు. పిన్ని మొదట్లో ప్రతి వాక్యానికీ ముందు "ఇదిగో చూడయ్యా" అనేది, అది మాన్పించేసరికి తాతలు దిగొచ్చారు. బాబాయి మాత్రం నిలబడ్డ చోటే నిద్రలోకి జారుకునేవాడు, కానీ లేపితే వాక్యం తప్పకుండా చెప్పేవాడు. బుజ్జి పక్కగదిలో పడుకుని అంతా వింటూ ఉండేది. "నువ్వు కూడా నేర్చుకోవే" అంటే, "నాకు నిలబడే ఓపిక లేదక్కా, ఇక వరసగా చెప్పడం ఎక్కడ" అంది.

సభ బస్సుల ఆఫీసు మేడ మీద హాల్లో. ప్లాస్టిక్ కుర్చీలు, తిరిగీ తిరగని ఫ్యాన్లు. ముందు బల్ల దగ్గర ఆఫీసరమ్మ, కళ్లకింద నల్లటి చారలతో, పొద్దున్నుంచీ ఇదెన్నో రూటో ఆవిడకే గుర్తున్నట్టు లేదు. పక్కన గుమస్తా కంప్యూటర్ మీద కొడుతుంటే, ఎవరేం చెప్పారో అందరికీ కనపడేట్టు వెనక గోడ మీద పెద్ద అక్షరాల్లో పడుతోంది.

టైలర్ లేచాడు. చక్కగా చెప్పాడు, చక్కగా ఆపాడు. గోడ మీద పడింది: "అభ్యంతరం ఒకటి. మొదటి బస్సు కొనసాగించాలి."

పిన్ని లేచింది. ఒక్క "ఇదిగో" కూడా లేకుండా చెప్పింది. మేడంకి కళ్లు చెమ్మగిల్లాయి. గుమస్తా చేతులు కదలలేదు. గోడ మీద ఆ ఒక్క లైనే ఉంది, దాని పక్కన కర్సర్ మినుకు మినుకుమంటోంది.

బాబాయి లేచాడు. వాక్యం తప్పలేదు. గోడ మీద ఏం మారలేదు.

"ఇంకేమైనా కొత్త అభ్యంతరం ఉందా అమ్మా?" అంది ఆఫీసరమ్మ. "అందరూ ఒకటే చెప్తున్నారు. ఒకే అభ్యంతరమైతే ఒక్కటిగానే రాసుకుంటాం. చాలా బాగా చెప్పారు, ఎవరో నేర్పించినట్టున్నారు."

ముగ్గురూ ఒకేసారి వెనక్కి తిరిగి మేడం వైపు చూశారు. అది కూడా రిహార్సల్ చేసినట్టే ఉంది.

మేడం ఆ గోడ వైపు చూస్తూ కూర్చుంది. ఆ రూలు ఆవిడకి తెలియక కాదు. తన పీహెచ్‌డీలో ఒక అధ్యాయమంతా దాని గురించే. వచ్చిన ఒక్కో అభ్యంతరానికీ ఆఫీసు విడిగా జవాబివ్వాలి, జవాబిచ్చేదాకా బస్సు ఆపకూడదు. ఒకటే అభ్యంతరమైతే ఒకటే జవాబు, "ఆదాయం లేదు" అని. దాంతో ఆ రూటు ఫైలు మూసేస్తారు. జనం ఒకరి మాటకి ఒకరు అడ్డుపడుతుంటేనే ఆఫీసు ఒక్క వాక్యంతో తప్పించుకోలేదని, ఆ వెనక వరసల్లో కూర్చుని ఏళ్ల తరబడి నేర్చుకున్నది ఆవిడే. గొడవే సభకి బలం అని పిల్లలకి పాఠం చెప్తుంది కూడా. మరి ఇంట్లో గొడవ ఎందుకు ఆపింది? అలసిపోయింది కాబట్టి. ముగ్గురి అరుపులు వినే కన్నా ఒక్క వాక్యం నేర్పడం తేలిక కాబట్టి.

చుట్టూ చూసింది. వెనక కుర్చీలో బుజ్జి. డ్యూటీ నుంచి నేరుగా వచ్చి, లాండ్రీ యూనిఫాంతోనే, గోడకి తల ఆనించి నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుంది. ఇక్కడ ఏం తేలినా రేపు ఆ అలారం మోగేది బుజ్జికే.

మేడం లేచి ముందుకి నడిచింది. మైకు పట్టుకుంది. ఇంత కాలంలో ఆ పేరుతో పిలిపించుకున్న మనిషి మైకు పట్టుకోవడం ఇదే మొదటిసారేమో. అయినా గొంతు గాలిలా వచ్చింది.

"మేడంగారూ, వీళ్లకి నేర్పింది నేనే. వీళ్ల కారణాలు ఒకటి కావు. నాకు ఓపికలేక ఒకటి చేశాను. మళ్లీ ఒకసారి అడగండి."

"భోజనానికి లేవాలండీ" అంది ఆఫీసరమ్మ.

"తినేసి వచ్చాకే అడగండి, ఉంటాం."

ఆఫీసరమ్మ గడియారం చూసి, మేడం మొహం చూసి, ఒక నిట్టూర్పు విడిచి, "సరే కానివ్వండి" అంది. మేడం టైలర్ వైపు తిరిగింది.

"స్టాపు సంగతి చెప్పండి."

"అది వద్దన్నారు కదండీ?"

"నేనే అన్నాను. ఇప్పుడు చెప్పమని కూడా నేనే అంటున్నాను."

టైలర్ కాస్త తడబడి, భార్య నడవలేదనీ స్టాపు గేటు ముందుకి రావాలనీ అన్నాడు. "అభ్యంతరం రెండు" అని గోడ మీద పడీ పడకముందే పిన్ని లేచింది.

"ఇదిగో చూడయ్యా, ఇంట్లో అన్న మాటే మళ్లీ అంటున్నావు. నీ గేటు దగ్గర బుట్టలు పెట్టడానికి చోటేది? స్టాపు మూలనే ఉండాలి. బస్సు ఇంకా ముందు రావాలి, రాసుకోమ్మా."

"ముందొస్తే నేనెలా ఎక్కేది?" అని బాబాయి నిద్రమత్తు వదిలి లేచాడు. "తిరిగొచ్చే బస్సు టైం మార్చొద్దని నాది కూడా రాయండి."

గోడ మీద అంకెలు వరసగా లేస్తున్నాయి. గుమస్తా వేళ్లు నొప్పులు పుట్టేలా కొడుతున్నాడు. హాల్లో మిగతా జనం కూడా ఒక్కొక్కరూ లేస్తున్నారు, ఎవరి బాధ వాళ్లది, ఏ రెండూ కలవడం లేదు. ఆ గోలకి బుజ్జి లేచింది. కళ్లు నులుముకుంది. ఏం జరుగుతోందో తెలియలేదు కానీ, బస్సు ముందు రావాలని పిన్ని మళ్లీ అంటున్న మాట చెవిలో పడింది.

"ముందు వస్తే ఎట్లా పిన్నీ?" అంది కూర్చున్న చోటు నుంచే. "మా లాండ్రీ గేటు తియ్యరు. చలిలో మెట్ల మీద కూర్చోవాలి. ఆ కాస్త నిద్రా నాకు లేకుండా పోతుంది."

"ఇది కూడా రాయండి" అంది మేడం.

"పేరు?" అన్నాడు గుమస్తా.

"లాండ్రీ అని రాసుకోండి" అంది బుజ్జి, మళ్లీ గోడకి తల ఆనించింది.

జవాబులొచ్చేదాకా బస్సు ఆగలేదు. ఆఫీసుకి అంత తేలిగ్గా తేలలేదు మరి. ఒకరికి అవునంటే ఇంకొకరికి కాదనాలి. మేడం రోజూ కాలేజీకి వెళ్తూ స్టాపు దగ్గర ఆగి నోటీసు మారిందా అని చూసేది. చివరికి ఒకరోజు కొత్త కాగితం అంటించారు. మొదటి బస్సు కొనసాగుతుంది. స్టాపు మారదు. తిరిగొచ్చే బస్సు టైం మారదు. వెళ్లే బస్సు మాత్రం మార్కెట్‌కి వెళ్లేవాళ్ల కోరిక మీద ఇంకొంచెం ముందుకి జరుపుతారు. కింద, అన్నింటికన్నా చివర్న, "ఆసుపత్రి లాండ్రీ సిబ్బంది సర్దుకోవాలి" అని ఒక లైను. మేడం దాన్ని మళ్లీ మళ్లీ చదివింది. జవాబు ఇచ్చారు. విడిగానే ఇచ్చారు. రూలు ప్రకారం తప్పేం లేదు.

టైలర్ రెండ్రోజులు మేడంతో మాట్లాడలేదు. పిన్ని మాత్రం ఒక సంచీ నిండా వంకాయలు తెచ్చిచ్చింది, బుజ్జి కళ్లలోకి చూడకుండా.

కొత్త టైం మొదలైన రోజు బుజ్జి అలారం కన్నా ముందు మేడం లేచింది. బయటంతా చీకటి. నీళ్లు కాచి, టీ పెట్టి, చెల్లెలి భుజానికి వెచ్చటి గుడ్డ వేసింది. బుజ్జి మంచం మీద కూర్చుని కాళ్లు కిందకి దించింది.

"గెలిచామా, ఓడామా అక్కా?" అంది.

"ఉద్యోగం ఉంది."

"అది నాకూ తెలుసు. నీ చదువులో దీన్నేమంటారు?"

మేడం టీ గ్లాసు తెచ్చి చెల్లెలి చేతికిచ్చింది. బుజ్జి టీ తాగి, గ్లాసు కిటికీ దగ్గర పెట్టి, "ఆ మెట్లు చల్లగా ఉంటాయి, ఒక పాత దుప్పటి ఉంటే ఇవ్వు" అంది. మేడం తను కప్పుకునేదే తీసి మడతపెట్టి ఇచ్చింది. బుజ్జి దాన్ని విప్పి, లాండ్రీలో మడతపెట్టే పద్ధతిలో మళ్లీ మడతపెట్టుకుని, చంకలో పెట్టుకుని మెట్లు దిగింది.

మేడం కిటికీ దగ్గర నిలబడింది. కింద స్టాపులో దీపం కింద నలుగురైదుగురు. అప్పుడే మొదలైపోయింది. టైలర్ గొంతు, దానికి పిన్ని జవాబు, మధ్యలో బుజ్జి ఏదో అంటే పిన్ని మాట ఆగిపోవడం. ఏమన్నదో పైకి వినపడలేదు. ఎవరూ వరసగా మాట్లాడటం లేదు, ఒకరు ముగించకముందే ఇంకొకరు. మేడం మెడకి గుడ్డ చుట్టుకుని వింటూ ఉండిపోయింది, బస్సు వచ్చి ఆ మాటలన్నిటినీ ఎక్కించుకుని మూల తిరిగేదాకా.

తర్వాత దుప్పటి లేని మంచం మీద పడుకుంది కానీ, నిద్ర రాలేదు.